ఇరవై నిమిషాల ఓదార్పు

నా చెల్లెలు పోయింది ఒక మంగళవారం, ఉదయం పదకొండు దాటాక. ఆ సమయానికి నేను ఏడో తరగతి పిల్లలకి నదుల పాఠం చెబుతున్నాను. ఆఫీసు గుమాస్తా తలుపు దగ్గర నిలబడి, "టీచర్, మీకు ఫోను. మీ చెల్లెలుగారి షాపు నుంచి," అన్నాడు. అతని ముఖం చూడగానే సగం సంగతి తెలిసిపోయింది. అయినా నేను బోర్డు మీద రాస్తున్న వాక్యం పూర్తిచేశాను. సుద్దముక్క పెట్టెలో పెట్టి, చేతులు దులుపుకుని, లీడరమ్మాయిని లేపి క్లాసు చూసుకోమని చెప్పి, అప్పుడు బయటికి నడిచాను.

ఆ తరవాత గుమాస్తా స్టాఫ్‌రూములో అందరితోనూ నా నిబ్బరం గురించి చెప్పాడట. అది నిబ్బరం కాదు. ఏం చెయ్యాలో తోచనప్పుడు చేతిలో ఉన్న పని పూర్తిచెయ్యడం నా అలవాటు, అంతే.

చెల్లెలు కళ్లజోళ్ల షాపులో పద్దెనిమిదేళ్లు పనిచేసింది. ఫ్రేముల్లో అద్దాలు అమర్చడం, వదులైన స్క్రూలు బిగించడం, ముక్కు మీంచి జారకుండా ఫ్రేము వంచి సరిచెయ్యడం తన పని. కళ్లజోడు సరిగ్గా కూర్చుందో లేదో తెలియాలంటే ఎదుటిమనిషి నవ్వాలనేది తన సిద్ధాంతం. "నవ్వినప్పుడు బుగ్గలు పైకి లేస్తాయక్కా. ఎక్కడ గుచ్చుకుంటోందో అప్పుడే తెలిసేది," అనేది. అందుకని వచ్చినవాళ్లందరినీ ఏదో ఒకటి అని నవ్వించేది. ఆ రోజు కూడా ఒక పెద్దాయనని నవ్వించి, చెవి వెనక కమ్మీ వంచి, "ఇప్పుడు చూసుకోండి," అంటూ చేతికి అద్దమిచ్చి స్టూలు మీద కూర్చుందట. ఆయన చూసుకుని బాగుందన్నాడట. తను జవాబు చెప్పలేదు. ఆ షాపులో తను ఎవరికైనా జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి గనక యజమానికి వెంటనే అనుమానం వచ్చింది. గుండె ఆగిపోయిందన్నారు. తనకి నలభై ఏడేళ్లు.

అమ్మా నాన్నా పోయాక ఆ ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. మా చర్చి సంఘంలో తనని అందరూ గలగలమ్మ అనేవాళ్లు. నన్ను టీచరమ్మ అంటారు.

బుధవారం సమాధి చేశాం. శుక్రవారం సాయంత్రం ఐదున్నరకి మా సంఘపు ఆదరణ బృందం నా ఇంటికి వచ్చింది.

ఆ బృందానికి పెద్దని నేనే. చావు జరిగిన ఇళ్లలో ఎవరు ఏ రోజు ఏ ఇంటికి వెళ్లి ఓదార్చాలో పట్టిక వేసేది నేనే. ఏడేళ్ల కిందట సంఘంలో ఒకాయన చనిపోతే పరామర్శకి వెళ్లిన నలుగురు, ఆయన భార్య ఎదుటే, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడా అని వాదించుకున్నారు. ఆవిడ లేచి లోపలి గదిలోకి వెళ్లి గడియ వేసుకుంది. పాస్టర్ గారు తలపట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "టీచరమ్మా, దీనికొక పద్ధతంటూ పెట్టండి," అన్నారు.

పెట్టాను. ఒక్క కాగితం మీద పట్టేట్టు రాశాను. ఇద్దరిద్దరు వెళ్లాలి. ఒక వాక్యభాగం చదవాలి, ఒక ప్రార్థన చెయ్యాలి. ఆ ఇంటివాళ్లకి శ్రమ కాకుండా ఏమీ తాగకుండా, తినకుండా రావాలి. పోయినవాళ్ల గురించి అడగకూడదు, ఆ ప్రస్తావనే తేకూడదు. ఇరవై నిమిషాలకి లేచి వచ్చెయ్యాలి. ఆ కాగితాన్ని గుడి పక్కగదిలో బీరువా తలుపుకి లోపలివైపు అంటించాను. వాదులాటలు ఆగిపోయాయి. పక్క సంఘాలవాళ్లు వచ్చి నకలు రాసుకెళ్లారు. ఆ ఏడాది వార్షిక కూడికలో సంఘం నాకు ఒక గోడగడియారం బహూకరించింది.

"ఓదార్పుకి కూడా గంట కొట్టేదానివి నువ్వొక్కదానివే," అంది చెల్లెలు, మేకు కొట్టి ఆ గడియారం తగిలిస్తూ. అప్పట్నుంచీ నా పేరు గంటక్క.

శుక్రవారం వచ్చినవాళ్లు రిటైరైన పోస్ట్‌మాస్టర్ గారు, ఒక ఎలక్ట్రీషియన్ కుర్రాడు. గుమ్మం పక్కన చెల్లెలి చెప్పులు ఇంకా అక్కడే ఉన్నాయి. పోస్ట్‌మాస్టర్ గారు వాటికి కాలు తగలకుండా చుట్టూ తిరిగి లోపలికి వచ్చారు. వందనాలు చెప్పి కూర్చున్నారు. వాక్యం చదివారు. చక్కగా చదివారు, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ. ఎలక్ట్రీషియన్ ప్రార్థన చేశాడు. ప్రార్థనలో "ఈ కుటుంబాన్ని" అన్నాడు. కుటుంబమంటే ఇక నేనొక్కదాన్నే. ఆ తరవాత ఇద్దరూ మౌనంగా కూర్చుని, ఐదూ యాభైకి గడియారం వైపు చూసి లేచారు.

"ధైర్యంగా ఉండండి టీచరమ్మా. మీకు మేం చెప్పేంతవాళ్లమా," అన్నారు పోస్ట్‌మాస్టర్ గారు.

వాళ్లు వెళ్లాక కుర్చీలు సర్దుతూ నాకేదో తక్కువైందనుకున్నాను. ఏం తక్కువైందో ఆ రోజు తెలియలేదు.

సోమవారం వచ్చిన ఇద్దరిలో ఒకావిడ గుడిలో పాటలు నడిపిస్తుంది. చెల్లెలూ ఆవిడా ఒకరి చెవిలో ఒకరు గుసగుసలాడుకుంటూ ఉంటే నేను వెనక బెంచీ నుంచి దగ్గి ఆపిన రోజులున్నాయి. ఆవిడ కూర్చున్న కాసేపటికి కిటికీ వైపు చూసి, "మన గలగలమ్మ ఇక్కడే కదా..." అని మొదలుపెట్టి చటుక్కున ఆగింది. పక్కనున్నావిడ మోచేత్తో పొడిచింది. "క్షమించండి టీచరమ్మా. నోరు జారింది," అంది.

నా చెల్లెలి పేరు తలిచినందుకు నా ఇంట్లో కూర్చుని ఆవిడ నాకు క్షమాపణ చెప్పుకుంది. ఏం పర్లేదన్నాను. చెప్పండి, ఇక్కడే ఏమిటో చెప్పండి, అని అడగాల్సింది. అడగలేకపోయాను. ఆ నిబంధన నాదే.

అలా రెండు వారాల్లో నాలుగుసార్లు వచ్చారు. ఒక్కళ్లూ తప్పు చెయ్యలేదు. ఒక్కళ్లూ గ్లాసు మంచినీళ్లయినా తాగలేదు. గుమ్మంలోని చెప్పుల చుట్టూ తిరిగి వచ్చి, చుట్టూ తిరిగి వెళ్లారు. నోరు జారిన ఆ సగం మాట తప్ప, వాళ్లలో ఏ ఒక్కరి నోటా నా చెల్లెలి మాట వినలేదు. ఈ ఏడేళ్లలో ఎన్ని ఇళ్లకి ఇలాంటి మనుషుల్ని పంపానో అప్పుడు గుర్తుచేసుకోవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాను.

మూడు వారాలు నిండాక ఒక గురువారం సాయంత్రం తలుపు చప్పుడైంది. పట్టికలో గురువారాలు లేవు. తలుపు తీస్తే కుట్టుపనావిడ, భుజం మీద చెల్లెలి కోటు వేసుకుని నిలబడి ఉంది.

ఆవిడ సంగతి చెప్పాలంటే నేను ఏణ్ణర్థం వెనక్కి వెళ్లాలి. ఆవిడా, ఆవిడ భర్తా బజారు వెనకవీధిలో బట్టలు కుట్టేవాళ్లు. ఆయన కత్తిరించేవాడు, ఆవిడ కుట్టేది. ఏణ్ణర్థం కిందట ఆయన పోయాడు. ఐదోరోజున నేను ఆ ఇంటికి పోస్ట్‌మాస్టర్ గారినీ, నా చెల్లెల్నీ పంపాను. అప్పట్లో చెల్లెలు కూడా బృందంలో ఉండేది. ఇరవై నిమిషాలకి పోస్ట్‌మాస్టర్ గారు లేచారు. చెల్లెలు లేవలేదు. మీరు వెళ్లండి బాబాయ్‌గారూ అంది. మూడు గంటలు కూర్చుంది. టీ తాగింది. పోయినాయన గురించి అడిగింది. పైగా, పోస్ట్‌మాస్టర్ గారు వీధి మలుపు తిరక్కముందే, ఆ ఇంట్లోంచి ఇద్దరూ పగలబడి నవ్వడం ఆయనకి వినిపించింది.

ఆయన మర్నాడే నా దగ్గరికి వచ్చారు. "చావు జరిగిన ఇంట్లో నవ్వులేమిటి టీచరమ్మా. వీధివీధంతా విన్నారు," అన్నారు.

ఆ ఆదివారం బృందంలోని ఆరుగురం పక్కగదిలో కూర్చున్నాం. చెల్లెలు కూడా ఉంది. నేను నెమ్మదిగానే మాట్లాడాను. కోపంగా ఉన్నప్పుడు నేను ఇంకా నెమ్మదిగా మాట్లాడతాను. "ఓదార్పంటే కాలక్షేపం కాదు," అన్నాను. పట్టిక తీసి అందరి ముందూ చెల్లెలి పేరు మీద గీత కొట్టాను. స్కేలు పెట్టి కొట్టాను. నా చెల్లెలు గనక మినహాయింపు ఇచ్చాననే మాట రాకూడదని నా ఉద్దేశం. చెల్లెలు ఆ గీత వైపే చూసింది. "సరే టీచరమ్మా," అంది. అక్కా అనలేదు.

ఇంటికి వచ్చాక మామూలుగానే ఉంది. "గంటక్కా, టీ తాగుతావా, టైమైపోయిందా?" అంది. నేను నవ్వలేదు. న్యాయం చేశాననే నమ్మకంతో ఆ రోజు హాయిగా నిద్రపోయాను.

బృందంలో జరిగిన మాట బయటికి పోకూడదనే నియమం కూడా నేను పెట్టిందే. ఎవరూ ఎక్కడా చెప్పలేదు. అందరూ మాట నిలబెట్టుకునేవాళ్లే.

కుట్టుపనావిడ లోపలికి వచ్చి, చెల్లెలి చెప్పులు చూసింది. వంగి రెండింటినీ జతగా సర్ది, గోడవారగా పెట్టింది. వాటిని ముట్టుకున్న మొదటి మనిషి ఆవిడే.

"జిప్పు పాడైందని ఇచ్చింది," అంది కోటు కుర్చీ వీపు మీద వేస్తూ. "పోయిన నెల ఇచ్చింది. రేపు రేపంటూ తిప్పించాను. ఇంతకాలం నా దగ్గర పెట్టుకున్నందుకు ముఖం చెల్లక రాలేదు టీచరమ్మా. ఇక ఇవాళ గుండె రాయి చేసుకుని వచ్చాను. కొంచెం టీ పెడతారా? నడిచి వచ్చాను, గొంతు ఎండిపోయింది."

టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లి, పంచదార డబ్బా మూత తియ్యలేక కాసేపు నిలబడిపోయాను. మూత బిగుసుకుపోయి కాదు. మూడు వారాలుగా ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు.

టీ తాగుతూ ఆవిడ మాట్లాడింది. చెల్లెలి గురించే. నేను అడగకుండానే.

"గురువారాలు నా దగ్గరికే వచ్చేది కదా. షాపు మూసి నేరుగా. మా ఆయన పోయినప్పట్నుంచీ ఒక్క వారం తప్పలేదు. మీకు చెప్పే ఉంటుందిలెండి."

నాకు చెప్పలేదు. గురువారాలు తను ఏడు దాటాక ఇంటికి వచ్చేది. ఎక్కడ తిరుగుతున్నావంటే, స్టాకు చూసుకోవాలి అక్కా అనేది. ఆ షాపువాళ్లు నిన్ను పిండేస్తున్నారని ఒకసారి, నీకు ఇల్లూ వాకిలీ పట్టవని ఇంకోసారి, ఇలా ఏణ్ణర్థం పాటు గురువారం గురువారం నేను తనని మాటలన్నాను.

"చెప్పింది," అన్నాను. అది నేను ఆవిడతో ఆడిన మొదటి అబద్ధం.

"మొదటిరోజు వచ్చినప్పుడు పోస్ట్‌మాస్టర్ గారు కూడా ఉన్నారు. ఆయన పాపం రిజిస్టర్ ఉత్తరం ఇచ్చిపోయినట్టు వాక్యమిచ్చి వెళ్లిపోయారు. మీ చెల్లెలు మాత్రం కత్తిరింపు బల్ల చుట్టూ తిరుగుతోంది. మా ఆయన సుద్దతో గీసి పెట్టిన గుడ్డ అలాగే ఉంది దాని మీద. దాన్ని చూసి, 'వదినా, అన్నయ్య ఎప్పుడైనా తప్పు కత్తిరించాడా?' అంది. అడిగే మాటేనా అది, మనిషి పోయి ఐదు రోజులు కాలేదు. కానీ అడిగిందా, నాకు గుర్తొచ్చేసింది."

"ఏం గుర్తొచ్చింది?"

"పెళ్లికొడుకు కోటు. రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు మహానుభావుడు. గుడ్డ తిరగెయ్యడం మరిచిపోయాడు. నేను ఇంకా తెలివైనదాన్ని, చూడకుండా కుట్టేశాను. ఆ అబ్బాయి తొడుక్కుని, 'ఏంటండీ, ఈ చెయ్యి వెనక్కి తిరిగిపోతోంది' అన్నాడు. మా ఆయన వాడి చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, 'బాబూ, ఫోటోలో కాస్త పక్కకి నిలబడితే సరిపోతుంది' అన్నాడు."

నాకు నవ్వొచ్చింది. మూడు వారాల తరవాత మొదటిసారి. నవ్వుతూ ఉండగానే, ఏణ్ణర్థం కిందట వీధి మలుపు దాకా వినిపించిన నవ్వు ఇదేనని అర్థమైంది. దేనికి గీత కొట్టానో అప్పుడు తెలిసింది నాకు.

"మేమిద్దరం నవ్వీ నవ్వీ, ఆ నవ్వులోనే నాకు ఏడుపొచ్చేసింది," అంది ఆవిడ. "ఆ ఐదురోజులూ రానిది అప్పుడొచ్చింది. మీ చెల్లెలు నా తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఊరుకో అని ఒక్కసారి కూడా అనలేదు. అందరూ ఊరుకో ఊరుకో అనేవాళ్లే, అప్పటికి నేను ఏడవనే లేదు."

ఆవిడ టీ గ్లాసు కింద పెట్టింది.

"ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు టీచరమ్మా. ఆ తరవాతి వారం బృందంలో మీ చెల్లెలి పేరు లేదు. ఎవరైనా తీసేశారా అని అడిగితే, 'లేదు వదినా, నాకొక పద్ధతీ పాడూ లేదు, నేనే తప్పుకున్నాను' అంది. నేను నమ్మలేదు. ఎవరో తీసేసే ఉంటారు. ఎవరో ఆ పుణ్యాత్ములు. వాళ్లింట్లో ఎవరైనా పోతే తెలిసొస్తుంది," అని, వెంటనే నాలుక కరుచుకుంది. "ఛ, ఎక్కడ కూర్చుని ఏం మాట్లాడుతున్నాను. ప్రభువా, క్షమించు. మీరేమీ అనుకోకండి. మీరైతే ఆపే ప్రయత్నం చేసే ఉంటారు. ఎంతైనా అక్క కదా."

తల కొట్టేసినట్టయింది నాకు. ఆ క్షణంలో చెప్పి ఉండాల్సింది. చెప్పాల్సిన మాటలు నాలుగు: ఆ పని చేసింది నేనే. పిల్లలు కిటికీ అద్దం పగలగొడితే ఎవరు పగలగొట్టారో నిలబడి చెప్పమని ముప్ఫై ఏళ్లుగా క్లాసులో అడుగుతున్నదాన్ని. తప్పు ఒప్పుకోవడానికి ఎంతసేపు పడుతుంది అని వాళ్లని కోప్పడేదాన్ని.

"ఇంకొంచెం టీ పోస్తాను," అన్నాను.

ఆవిడ ఆరున్నర దాకా ఉంది. వెళ్తూ, "పై గురువారం కూడా రానా? ఆ రోజు సాయంత్రమయ్యేసరికి కాళ్లు ఇటే లాగుతున్నాయి. ఒక్కదాన్నే ఇంట్లో ఉండలేను," అంది.

రమ్మన్నాను. ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. చెబితే ఆవిడ రాదేమోనని. ఈ ఊరు మొత్తంలో నా చెల్లెలి గురించి నాతో మాట్లాడే మనిషి ఆవిడొక్కతే.

మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక బృందాన్నీ, పాస్టర్ గారినీ పక్కగదిలో కూర్చోమన్నాను. బీరువా తలుపు తెరిచి, ఆ కాగితాన్ని గోటితో గీకి ఊడదీశాను. సగం ఊడింది, సగం తలుపుకే ఉండిపోయింది.

"ఈ నిబంధనలు తీసేద్దాం," అన్నాను. "పోయినవాళ్ల గురించి మాట్లాడాలి. అడగాలి. ఇరవై నిమిషాలనే లెక్క వద్దు."

"టీచరమ్మా, మీరిప్పుడు బాధలో ఉన్నారు," అన్నారు పోస్ట్‌మాస్టర్ గారు. "బాధలో ఉన్నవాళ్లు నిబంధనలు మార్చకూడదు."

"బాధలో లేనివాళ్లు రాస్తేనే కదండీ ఇలా వచ్చాయి," అన్నాడు ఎలక్ట్రీషియన్. అని, నా వైపు చూసి తలవంచుకున్నాడు. "మిమ్మల్ని అని కాదు టీచరమ్మా."

"నన్నే. బాగానే చెప్పావు," అన్నాను.

"సరే, టైము లేదనుకుందాం. మరి ఎప్పుడు లేవాలి? అది ఎవరు తేలుస్తారు?" అన్నారు పోస్ట్‌మాస్టర్ గారు. ఆయన నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నలభై ఏళ్లు టపా కట్టల టైములు చూసుకున్న మనిషి.

"ఆ ఇంటివాళ్లు తేలుస్తారు," అన్నారు పాస్టర్ గారు. "వెళ్లొస్తామంటే వాళ్ల ముఖంలో తెలిసిపోతుంది బ్రదర్."

"నాకు ముఖాలు చదవడం రాదండీ. నేను చదివినవన్నీ చిరునామాలే," అన్నారాయన. పాటలు నడిపించే ఆవిడ నవ్వేసింది. అందరూ ఒప్పుకున్నారు.

అక్కడ కూడా ఇంకో మాట చెప్పాలనుకునే వెళ్లాను. ఈ గదిలో, ఇదే బల్ల దగ్గర, నేను నా చెల్లెలికి అన్యాయం చేశాను. మీ ఎదుట చేశాను గనక మీ ఎదుటే ఒప్పుకుంటున్నాను అని. వాక్యం పూర్తిగా తయారుచేసుకున్నాను. నోటిదాకా వచ్చింది. "ఇక ప్రార్థన చేసుకుందాం," అన్నాను.

మిగతావాళ్లు వెళ్లాక పోస్ట్‌మాస్టర్ గారు ఆగిపోయారు. టోపీ రెండు చేతుల్లో పట్టుకుని తిప్పుతున్నారు.

"ఆ రోజు మీ చెల్లెలి మీద ఫిర్యాదు తెచ్చింది నేను. అప్పట్నుంచీ గుడిలో ఆ అమ్మాయి నన్ను చూసి బాబాయ్‌గారూ అని పలకరిస్తూనే ఉంది. ఒక్కనాడూ ముఖం తిప్పుకోలేదు. నేనే తిప్పుకునేవాణ్ణి," అన్నారు. "నన్ను క్షమించండి టీచరమ్మా."

"గీత కొట్టింది నేను కదండీ," అన్నాను.

"నేను చెప్పకపోతే మీరు కొట్టేవారా?"

ఆయన అడిగిన క్షమాపణ నేను సరిగ్గా ఇవ్వలేదు. తలూపానంతే. ఆయన వెళ్లిపోయారు.

గురువారం కుట్టుపనావిడ నవ్వుముఖంతో వచ్చింది. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"నిన్న మా షాపుకి ఎవరొచ్చారో చెప్పుకోండి. పోస్ట్‌మాస్టర్ గారు. కోటు గుండీ ఊడిందని వచ్చారు. గుండీ లేదు, పాడూ లేదు, నా ముందే ఆయనే పీకారు. నేను చూస్తూనే ఉన్నాను. కుడుతుంటే చెప్పారు, ఆనాడు నవ్వుల సంగతి బృందంలో చెప్పింది తనేనని. 'అమ్మా, మీ ఇంటి దుఃఖం నాకు అర్థం కాలేదు, నన్ను క్షమించు' అని ఆ పెద్ద వయసులో చేతులు జోడించారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి."

"ఇంకేం చెప్పారు?" అన్నాను.

"ఇంకేముంది. 'మరి మా గలగలమ్మని తీసేసింది మీరేనన్నమాట' అన్నాను. అవునూ అనలేదు, కాదూ అనలేదు. బృందం మాటలు బయట చెప్పకూడదమ్మా అన్నారు. అక్కడికీ నాకు తెలియదా ఏం? ఆయనే. పోనీలెండి, పెద్దాయన. క్షమించేశాను. గుండీ కూడా గట్టిగా కుట్టాను, మళ్లీ పీకాలంటే కత్తెర కావాలి."

ఆవిడ నవ్వింది. నా వైపు చూసి, నేనూ నవ్వుతానని ఆగింది.

ఆ పెద్దాయన తన తప్పు తను మోసుకుంటూ బజారు దాకా నడిచి వెళ్లాడు. అక్కడ ఆయన మీద నాది కూడా పడింది. నేను పెట్టిన నియమం కోసం నోరు మూసుకుని దాన్నీ మోసుకుంటూ ఇంటికి వెళ్లాడు. నా ఇంట్లో నా కుర్చీలో కూర్చున్న నేను ఒక్కమాట అంటే ఆయన బరువు దిగిపోతుంది.

"మంచిపని చేశారు," అన్నాను.

ఆవిడ సంచిలోంచి దువ్వెన తీసి, చెల్లెలు ఒకసారి ఆవిడ కుట్టుషాపులో అద్దం ముందు నిలబడి పాస్టర్ గారు తల దువ్వుకున్నట్టు ఎలా దువ్వుకుని చూపించిందో చేసి చూపించింది. అచ్చు చెల్లెల్లాగే చేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత నేను ఏడిచాను. ఆవిడ లేచి వచ్చి నా పక్కన కూర్చుని, నా తల తన భుజానికి ఆనించుకుంది. ఊరుకోమనలేదు. నేను మోసం చేసి తెచ్చుకున్న ఓదార్పు అది. అయినా చల్లగానే తగిలింది. అది చల్లగా తగిలినందుకే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.

అప్పట్నుంచి ఐదు గురువారాలు గడిచాయి. సంఘంలో ఇంకో ఇంట్లో చావు జరిగింది. ఈసారి పోస్ట్‌మాస్టర్ గారు ఆ ఇంట్లో గంటన్నర కూర్చుని వచ్చారు. పోయినాయన ఉత్తరాలు ఎవరికి రాసేవాడని అడిగారట. ఆ ఇంటివాళ్లు పాత ఉత్తరాల పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టి, ఒక్కొక్కటే చదివి వినిపించారట. ఎలక్ట్రీషియన్ నాకు ఫోను చేసి ఈ సంగతి చెప్పి, "మీ చలవే టీచరమ్మా," అన్నాడు. కాదని అతనితో అనలేదు.

కుట్టుపనావిడకి అంతా తెలిసే ఉంటుందేమో, తెలిసే నా దగ్గరికి వస్తోందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అది నాకు సుఖంగా ఉండే ఆలోచన గనక దాన్ని నేను నమ్మను. ఆవిడ కడుపులో ఏదీ దాచుకోలేదు. తెలిస్తే ఆ రోజే తలుపు కొట్టి అడుగుతుంది.

ప్రతి బుధవారం స్కూలు నుంచి వస్తూ బజారు వెనకవీధి మీదుగా నడుస్తున్నాను. అద్దం తలుపు వెనక ఆవిడ మిషను మీద వంగి కనిపిస్తుంది. ఒకసారి గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ తలెత్తి చూసి చెయ్యి ఊపింది. నేనూ చెయ్యి ఊపి, పని మీద వెళ్తున్నదానిలా ముందుకి నడిచాను. గుడిలో పోస్ట్‌మాస్టర్ గారు ఎదురైతే వందనాలు చెప్పి ముఖం తిప్పుకుంటున్నాను.

నిన్న గురువారం. ఆవిడ ఐదింటికి వచ్చి ఏడింటికి వెళ్లింది. నా చెల్లెలి పేరు కొట్టేసింది నేనేనని ఆవిడకి ఇంకా చెప్పలేదు.